ఐరన్ మెయిడెన్‌కి 50 ఏళ్లు: 1988లోనే ఆపేసి ఉంటే బాగుండేదా?

పాతక్యాసెట్
మూడు రాత్రులుగా ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ ఆల్బమ్‌లు మొదటి నుంచి వరసగా వింటున్నాను. 1980లో వచ్చిన మొదటిదాని నుంచి 1988 'సెవెంత్ సన్' దాకా ఏడు ఆల్బమ్‌లు. ఒక్క పాట కూడా దాటెయ్యాలనిపించలేదు. 1990ది పెట్టాను, మూడో పాటకే వాట్సాప్ తెరిచి కూర్చున్నాను. 1995ది పెట్టాను, నిద్రొచ్చింది.

నా గోల ఏంటంటే, బేస్ గిటార్ వాయించే స్టీవ్ హారిస్ ఈ బ్యాండ్ పెట్టింది 1975 క్రిస్మస్ రోజున. 50 ఏళ్ల పండగ అంటూ 2025లో టూర్ మొదలుపెట్టారు. అందులో వాయించేవన్నీ మొదటి తొమ్మిది ఆల్బమ్‌ల పాటలే. 1992 తర్వాత చేసిన ఎనిమిది ఆల్బమ్‌ల నుంచి ఒక్కటంటే ఒక్క పాట లేదు. మిగతా ముప్పై ఏళ్లూ దండగ అని వాళ్లే ఒప్పుకున్నట్టు కాదా? పైగా డ్రమ్స్ మీద పాత డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ లేడు. 1988లోనే జనానికి ఓ దండం పెట్టి ఆపేసి ఉంటే గౌరవంగా ఉండేదనిపిస్తోంది. తిట్టేవాళ్లు తిట్టండి.

నైట్‌షిఫ్ట్
తిడుతున్నా.

బేస్‌బాబు
ఒప్పుకోవడమా? హారిసా? 2006లో అప్పుడే వచ్చిన ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా స్టేజి మీద వాయించిన మనిషి ఆయన. 'మా పాత పాటలేవి' అని జనం మొత్తుకున్నా వినలేదు. 50 ఏళ్లకి ఒకసారి జనం అడిగినవి వాయిస్తే అది కూడా తప్పేనా?

రాగిసంకటి
నాకు మెయిడెన్ అంటే ముందు పాట కాదు, బొమ్మ. హాస్టల్ గదిలో సీనియర్ వదిలేసిపోయిన పోస్టర్ ఉండేది, మెయిడెన్ కవర్ల మీద కనబడే ఎడ్డీది. ఆ పుర్రె మొహం, ఆ జుట్టు. సెలవులకి ఇంటికి పట్టుకెళ్తే మా అమ్మ గోడకి అంటించనివ్వలేదు. అదే ఏడాది మేం ఇల్లు కట్టుకుంటున్నాం. రెండు రోజుల తర్వాత చూస్తే ఎడ్డీ స్లాబు ముందు కర్రకి వేలాడుతున్నాడు, మెడలో పాత చెప్పు. 'దిష్టిబొమ్మ కొనే పని తప్పించావురా' అంది అమ్మ. గృహప్రవేశం దాకా అక్కడే ఉన్నాడు పాపం.

నైట్‌షిఫ్ట్
@రాగిసంకటి ఇల్లు బాగానే నిలబడిందా?

రాగిసంకటి
ఒక్క పగులు లేదు. ఎడ్డీ మహిమ.

చిన్నక్క
ఆ బొమ్మ గీసింది డెరెక్ రిగ్స్. మెయిడెన్ కోసం గీసింది కూడా కాదు, అంతకుముందే గీసి పెట్టుకున్నది వీళ్లకి నచ్చింది. ఆ మొహం లేకపోతే రేడియోలో పాట వేయించుకోకుండా ప్రపంచమంతా టీషర్టులు అమ్మడం అయ్యే పనేనా? మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ తెలివి అక్కడుంది. ఎవరు వచ్చినా ఎవరు పోయినా కవరు మీద మొహం మాత్రం ఒకటే.

టీషర్టు అంటే గుర్తొచ్చింది. నేను ఎడ్డీ టీషర్టు వేసుకుంటే ఇప్పటికీ 'మీ తమ్ముడిదా?' అని అడుగుతారు. తమ్ముడు వినేది మెలోడీలు!

పాతక్యాసెట్
బొమ్మలు పక్కన పెట్టి నా ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పండి.

నైట్‌షిఫ్ట్
చెప్తా. 2000లో వచ్చిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' ఎన్నిసార్లు విన్నారు? 1993లో వెళ్లిపోయిన గాయకుడు బ్రూస్ డికిన్సన్, 1990లోనే వెళ్లిపోయిన గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ 1999లో కలిసి తిరిగొచ్చారు. మామూలుగా ఏం చేస్తారు? పాతవాడొచ్చాడని కొత్తవాడిని పంపిస్తారు. వీళ్లు స్మిత్ చోట చేరిన జానిక్ గెర్స్‌ని పంపలేదు. డేవ్ మర్రీ, స్మిత్, జానిక్, ముగ్గురు గిటారిస్టులతో నడిపించారు. 2001 జనవరిలో రియోలో వాయించిన రికార్డింగ్ వినండి. జనం గొంతు వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1988లో ఆపేస్తే ఇదంతా ఎక్కడ?

పాతక్యాసెట్
ముగ్గురెందుకో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. ఇద్దరు వాయిస్తారు, మూడోవాడు గిటార్‌ని మెడ చుట్టూ తిప్పుతాడు.

బేస్‌బాబు
జానిక్‌ని అంటే ఊరుకోం 😀

పల్నాటిపిల్లోడు
మా తాతయ్య బుర్రకథ దళంలో వంత. ఆ లెక్కన చూస్తే మెయిడెన్ నాకు కొత్తగా అనిపించలేదు. మధ్యలో కథకుడు డికిన్సన్. అటు ఇటు వంతలు. అందులో హాస్యం చెప్పేవాడు జానిక్, సందేహం లేదు. 1984 'పవర్‌స్లేవ్'లో ముసలి నావికుడి పాట ఉంది చూడండి, కోల్‌రిడ్జ్ పద్యం మీద కట్టింది, పదమూడు నిమిషాల పైన. పక్షిని చంపిన పాపానికి ఓడలో వాళ్లంతా చచ్చిపోయి వాడొక్కడే మిగిలి, కనబడినవాడికల్లా ఆ కథ చెప్పుకుంటూ తిరుగుతాడు. మధ్యలో పాట ఆగిపోయి చెక్కల కిర్రుకిర్రు, బేస్ మాత్రమే వినిపిస్తుంది. బొబ్బిలి కథలో తాండ్ర పాపారాయుడు వచ్చే ముందు మా తాతయ్య వాళ్లు డక్కీలు ఆపేసి గొంతు తగ్గించేవాళ్లు, సరిగ్గా అలాగే. క్రిమియా యుద్ధంలో గుర్రపు దళం ఫిరంగుల మీదికి వెళ్లిన కథ, అలెగ్జాండర్ కథ, అన్నీ వీరగాథలే కదా. మన ఊళ్లో పుట్టుంటే తందాన తాన అనేవాళ్లు.

వైజాగ్_వాన
అందుకే 'వో ఓ ఓ' అని జనం అందుకుంటారు. తందానకి ఇంగ్లీషు అది.

బేస్‌బాబు
గుర్రాలంటే గుర్తొచ్చింది. హారిస్ బేస్ నడకని గుర్రం దౌడు అంటారు. పిక్ వాడడు, వేళ్లతోనే. నేను ఆరు నెలలు ప్రయత్నించి మణికట్టు పట్టేసి మానేశాను. మన లెక్కలో అది తకిట తకిట, తిశ్రం అన్నమాట.

మద్దెల_మాస్టారు
తిశ్రం కాదు బాబూ. చాలామంది ఇలాగే పొరబడతారు. తిశ్రంలో మూడూ సమానం. ఇక్కడ మొదటిది సాగుతుంది: తా-కిట, తా-కిట. 'తా'కి రెండు, 'కి'కి ఒకటి, 'ట'కి ఒకటి. మొత్తం నాలుగు. చతురశ్రమే. చేత్తో తాళం వేసుకుంటూ 'ద ట్రూపర్' వినండి, మీకే తెలుస్తుంది. మా అబ్బాయి పుణ్యమా అని నేనూ విన్నాను. పాట సంగతి నాకు తెలియదు కానీ లెక్క తప్పలేదు.

బేస్‌బాబు
మాస్టారూ, ఇప్పుడే టేబుల్ మీద వేసి చూశాను. మీరే కరెక్ట్. ఆరు నెలలు తప్పు లెక్కతో కష్టపడ్డానా ఏంటి!

కాచిగూడ_ప్యాసింజర్
పాతక్యాసెట్ అన్నా, నీకు జవాబు నేను చెప్తా. కొంచెం పెద్దగా ఉంటుంది.

2007 మార్చి 17, శనివారం, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్. మన దేశంలో మెయిడెన్ మొదటి షో. అప్పటికి నేను అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నా, ఉద్యోగం లేదు. ఇంట్లో ఇంటర్వ్యూ ఉందని చెప్పి నలుగురం కాచిగూడలో రాత్రి బండి ఎక్కాం, జనరల్ బోగీ. నాన్న పాపం దారి ఖర్చులకి వెయ్యి ఇచ్చి 'ధైర్యంగా జవాబు చెప్పు' అన్నాడు. అదే టికెట్‌కి పోయింది.

పొద్దున్న స్టేషన్లో దిగితే ఎటు చూసినా నల్ల టీషర్టులే. గువాహటి నుంచి రెండు రోజులు రైల్లో వచ్చినవాళ్లు కలిశారు. ముందు ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ వాయించింది, అదే ఏడాది వాళ్లని ఇంగ్లండ్‌లో డౌన్‌లోడ్ ఫెస్టివల్ స్టేజి ఎక్కించారు. తర్వాత మెయిడెన్. నువ్వు 1988తో ఆపేయమంటున్నావు కదా, ఆ రాత్రి నాకు గుర్తున్నది 'ఫియర్ ఆఫ్ ద డార్క్'. 1992 పాట! గిటార్ మొదలుపెట్టగానే మాటలు కాదు, ఆ గిటార్ వరసనే వేలమంది గొంతుతో పాడుతున్నారు. నా పక్కన కన్నడం మాట్లాడే ముసలాయన ఒకడు, యాభై దాటి ఉంటాయి, కళ్లు మూసుకుని పాడుతున్నాడు. కెమెరా ఫోన్ లేదు మా దగ్గర. ఒక్క ఫోటో లేదు.

ఆదివారం రాత్రి ఇంటికొస్తే నాన్న 'ఇంటర్వ్యూ ఎలా అయింది' అన్నాడు. గొంతు పూర్తిగా పోయింది, మాట రాలేదు. 'అంతసేపు మాట్లాడించారా' అని సంతోషపడ్డాడు.

చిన్నక్క
ఆఖరి లైన్‌కి ఆఫీసులో గట్టిగా నవ్వేశాను, అందరూ చూస్తున్నారు.

వైజాగ్_వాన
నేను 2009 ఫిబ్రవరిలో అదే గ్రౌండ్స్‌కి వెళ్లాను. ఆ మధ్యలో 2008 ఫిబ్రవరి 1న ముంబయి. సొంత విమానంలో ప్రపంచం చుట్టిన టూర్ అక్కడే మొదలైంది. బోయింగ్ 757, పేరు ఎడ్ ఫోర్స్ వన్, నడిపింది డికిన్సనే. రాత్రి పాడతాడు, పొద్దున విమానం నడుపుతాడు. మా బాస్‌కి ఈ సంగతి చెప్పకూడదు, మాకూ రెండు షిఫ్టులు వేస్తాడు.

పాతక్యాసెట్
సరే, ఒప్పుకుంటా, 1992 పాట ఒకటి మంచిదే. 1988ని 1992 చేద్దాం. బేరం ముగిసింది. కానీ డికిన్సన్ లేనప్పుడు బ్లేజ్ బేలీ పాడిన ఐదేళ్లు? దాన్ని ఎవరూ వెనకేసుకు రాలేరు.

వైజాగ్_వాన
నేనున్నాను.

వినండి. బ్లేజ్ గొంతు కింద స్థాయిది. డికిన్సన్ గొంతు ఆకాశంలో ఉంటుంది. బ్లేజ్‌ని తీసుకొచ్చి, శ్రుతి తగ్గించకుండా, డికిన్సన్ పాటలే రోజూ పాడమన్నారు. ఎవరి గొంతైనా నిలుస్తుందా? నిలవలేదు, కొన్ని షోలు రద్దు చేయాల్సొచ్చింది. తప్పు బ్లేజ్‌దా, పాడించినవాళ్లదా? 1995 'ది ఎక్స్ ఫ్యాక్టర్' ఆయన గొంతుకి తగ్గట్టు రాసింది. అప్పుడు హారిస్ విడాకులతో నలుగుతున్నాడు. ఆ చీకటంతా అందులో ఉంది. 1995లో ఊరంతా గ్రంజ్ అనే ఇంకో రకం రాక్ వింటోంది, మెటల్ బ్యాండ్లు చిన్న హాళ్లకి దిగిపోయాయి, అయినా ఈయన పదకొండు నిమిషాల పాటతో ఆల్బమ్ మొదలుపెట్టాడు! అది ఎంత మంచి పాటో తర్వాత తెలిసింది. డికిన్సన్ తిరిగొచ్చాక ఆ పాటనీ, 1998 'ది క్లాన్స్‌మన్'నీ తనే పాడాడు. రియో రికార్డింగ్‌లో రెండూ ఉన్నాయి. నైట్‌షిఫ్ట్‌కి ఒళ్లు జలదరించిన చోట సగం బ్లేజ్ వాటా.

నైట్‌షిఫ్ట్
సగం ఎక్కువ. పావు ఇస్తా. 1998 ఆల్బమ్‌లో మిగతా పాటల గురించి మాట్లాడవేం? ఒకే ముక్క పదిసార్లు తిప్పి తిప్పి పాడతారు. అరిగిన క్యాసెట్టేమో అనుకుని టేపు తీసి పెన్సిల్‌తో తిప్పాను ఒకసారి.

వైజాగ్_వాన
అది మాత్రం నేను కూడా వెనకేసుకు రాను.

ఈస్ట్‌హామ్_ఇడ్లీ
ఆలస్యంగా చూశాను. నేనుండేది లండన్ ఈస్ట్ హామ్. హారిస్ పుట్టిన లేటన్‌స్టోన్ ఇక్కడికి దగ్గరే. స్ట్రాట్‌ఫర్డ్ పక్కన మేరీల్యాండ్‌లో 'కార్ట్ అండ్ హార్సెస్' అనే పబ్ ఉంది, వీళ్లు మొదట్లో వాయించింది అక్కడే. మెయిడెన్ పుట్టిల్లు అని బోర్డు కూడా పెట్టుకున్నారు. ఇన్నేళ్లూ దాని ముందు నుంచే సరుకుల సంచి మోసుకుంటూ పోయాను కానీ లోపలికి వెళ్లింది మాత్రం నిరుడే.

2025 జూన్ 28న లండన్ స్టేడియంలో షో చూశాను. అది వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ జట్టు మైదానం, హారిస్‌కి చిన్నప్పటి నుంచి ఆ జట్టంటే ప్రాణం. పబ్‌కీ స్టేడియానికీ మధ్య నడిచి వెళ్లేంత దూరం. ఆ దూరం నడవడానికి యాభై ఏళ్లు పట్టింది అనుకుంటూ నేనూ నడిచే వెళ్లాను.

పాతక్యాసెట్ గారికి కావలసినవన్నీ వాయించారు. నావికుడి పాట పూర్తిగా, 'సెవెంత్ సన్' టైటిల్ పాట పూర్తిగా. ఫోన్లు జేబులో పెట్టుకోండని ముందే బతిమాలారు. నా ముందు వరసలో సగంమంది విన్నారు, సగంమంది వినలేదు. డికిన్సన్‌కి 66 ఏళ్లు, పరిగెడుతూనే ఉన్నాడు. 2015 మొదట్లో ఆయన నాలుక దగ్గర క్యాన్సర్ అని ప్రకటించినప్పుడు ఇక పాట అయిపోయిందనుకున్నాం మేమంతా. ఆ గొంతు ఇది. పై స్థాయిలో ఒకట్రెండు చోట్ల జనానికి వదిలేశాడు, నిజమే. దానికి నేను మార్కులు తియ్యను.

కాచిగూడ_ప్యాసింజర్
కొత్త డ్రమ్మర్ ఎలా ఉన్నాడు? అది చెప్పు అన్నా.

ఈస్ట్‌హామ్_ఇడ్లీ
సైమన్ డాసన్. హారిస్ సైడు బ్యాండ్ బ్రిటిష్ లయన్‌లో వాయించేవాడు. తప్పుల్లేవు. కానీ నికో వాయిస్తే ఏదో తూగు ఉండేది, కొంచెం ముందుకి వంగి నడిచినట్టు. అది లేదు. పెళ్లి భోజనం అంతా బాగుంది, ఆవకాయ మాత్రం వేరే ఇంటిది అన్నట్టు.

మద్దెల_మాస్టారు
ఆ నికో గారి గురించే మా అబ్బాయి తెగ చెబుతుంటాడు. వాడు డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు. కుడికాలు ఒక్కదానితోనే ఆ పెద్ద డ్రమ్ మీద అంత వేగం ఎలా పలికిస్తాడని. రెండు పెడల్స్ వాడరట కదా?

బేస్‌బాబు
అవును మాస్టారూ, దాదాపు అన్నీ ఒక్క పెడల్‌తోనే. మెటల్ డ్రమ్మర్లలో అది వింతే. 1982 చివర్లో చేరాడు. 2023 జనవరిలో పక్షవాతం, సరిగ్గా కుడి పక్కకే. నాలుగు నెలల్లో మళ్లీ టూర్‌కి దిగాడు, కొన్ని వేగమైన వాయింపులు ఇక చేతకావని తనే చెప్పుకున్నాడు. 2024 డిసెంబరు 7న సావో పాలోలో ఆఖరి షో. అప్పటికి 72 ఏళ్లు.

మద్దెల_మాస్టారు
కుడి పక్క పడిపోయాక నాలుగు నెలల్లో వాయించారా? మా గురువుగారికి ఎడమ చెయ్యి పడిపోతే మద్దెలని గుడ్డతో కప్పి మళ్లీ తియ్యలేదు. అబ్బాయికి ఈ సంగతి చెప్తాను.

చిన్నక్క
వెళ్లిపోయిన వాళ్ల మాటొచ్చింది కాబట్టి... నికో కంటే ముందున్న క్లైవ్ బర్ ఎవరికీ గుర్తురాడు. మొదటి మూడు ఆల్బమ్‌లూ ఆయనవే. తర్వాత మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వచ్చింది. బ్యాండ్ వాళ్లు ఆయన వైద్యం కోసం ప్రత్యేకంగా షోలు చేసి డబ్బు పోగుచేశారు. 2013లో పోయాడు. డికిన్సన్ కంటే ముందు పాడిన పాల్ డియానో 2024 అక్టోబరులో పోయాడు, చివరి రోజులు చక్రాల కుర్చీలో. ఆపరేషన్‌కి అభిమానులు చందాలు వేశారు. మొదటి రెండు ఆల్బమ్‌ల్లో ఆ గొంతులో ఉన్న వీధి గరుకుతనం డికిన్సన్‌లో ఎప్పుడూ లేదు. నాకైతే ఇప్పటికీ రెండో ఆల్బమ్ 'కిల్లర్స్' తర్వాతే మిగతావన్నీ.

నైట్‌షిఫ్ట్
అదిగో, ఈవిడ 1981లోనే ఆపేసేలా ఉంది.

చిన్నక్క
ఆపేయమనలేదు. వరస చెప్పాను.

పల్నాటిపిల్లోడు
పొడుగు పాటల గురించి ఎవరూ అనలేదు. 2021 'సెంజుట్సు'లో హారిస్ ఒక్కడే రాసిన నాలుగు పాటలూ చాంతాడంత ఉన్నాయి. బుర్రకథ మనవడినైన నాకే మధ్యలో టీ తాగి రావాలనిపించింది. 2015 ఆల్బమ్‌లో ఆఖరి పాట 18 నిమిషాలు, కానీ దానికి మాత్రం నేను లేవలేదు. 1930లో ఆర్101 అనే పెద్ద గాలి ఓడ ఇంగ్లండ్ నుంచి మన దేశానికి బయల్దేరింది, కరాచీ దాకా రావాలి, అప్పట్లో అది కూడా ఇండియానే. ఫ్రాన్స్‌లో కూలి కాలిపోయింది. 54 మందిలో 48 మంది పోయారు. విమానాల పిచ్చి ఉన్న డికిన్సన్ ఆ కథని పియానో మీద మొదలుపెట్టి చెబుతాడు.

కాచిగూడ_ప్యాసింజర్
ఇండియాకి బయల్దేరి రాకుండా ఆగిపోవడం వీళ్ల పాటల్లో అలవాటే. అలెగ్జాండర్ పాటలో కూడా సైన్యం ఇండియాకి రామంటుంది. 1986 పాట, స్టేజి మీద మొదటిసారి వాయించింది 2023లో. 37 ఏళ్లు ఆగాం. 2009 తర్వాత బ్యాండ్ కూడా ఇటు రాలేదు. ఇంకో 37 ఏళ్లు అంటే 2046. నేను రెడీ, కాచిగూడలో కలుద్దాం.

నైట్‌షిఫ్ట్
ఈసారి ఇంటర్వ్యూ అని ఎవరికి చెప్తావ్?

కాచిగూడ_ప్యాసింజర్
మనవడికి.

వైజాగ్_వాన
@పాతక్యాసెట్ ఒక పని చెయ్యండి. రాత్రి పన్నెండింటికి నిద్ర కళ్లతో కాకుండా, 'ఎక్స్ ఫ్యాక్టర్' కారులో పెట్టండి, హైవే మీద. మొదటి పాట పూర్తయ్యేదాకా మార్చకూడదు. నచ్చకపోతే ఇక మాట్లాడను.

పాతక్యాసెట్
శనివారం విజయవాడ వెళ్తున్నాం, పెళ్లికి. మాటిచ్చాను కాబట్టి పెడతా.

పాతక్యాసెట్
వెళ్లొచ్చాం. చెప్పకపోతే వైజాగ్_వాన నిద్రపోయేలా లేడు కాబట్టి చెప్తున్నా.

పంతంగి టోల్ గేటు దాటాక పెట్టాను. మొదట్లో ఆ చర్చి గొంతులు రాగానే మా ఆవిడ 'ఎవరైనా పోయారా?' అంది. నేను మాట్లాడలేదు. ఆరో నిమిషం దగ్గర అంతా సద్దుమణిగి, మళ్లీ మెల్లగా లేస్తుంది కదా, అక్కడ నిజంగానే స్పీడు చూసుకోలేదు, వంద దాటేసింది. నిద్ర రాలేదు, అది ఒప్పుకుంటా. మిగతా ఆల్బమ్ మీద నా మాట నాదే.

పాట అయిపోయాక మా ఆవిడ అడిగింది, 'ఇతను వేరే ఆయనా? రోజూ రాత్రి నీ హెడ్‌ఫోన్స్‌లోంచి వినబడే ఆయన కాదుగా?' అని. కాదన్నాను. 'ఇతనే నయం. ఇతను పాడుతున్నాడు. ఆయన అరుస్తాడు' అంది.

పాతికేళ్లుగా డికిన్సన్ గొంతు ఆ ఇంట్లో మోగుతోంది. ఏం చెప్పమంటారు?

నైట్‌షిఫ్ట్
😂😂😂

వైజాగ్_వాన
వదినగారికి నా పాదాభివందనాలు. 1998ది కూడా ఆవిడకే వినిపించండి, మీరు వద్దు.